ఆయిల్ ఇంజిన్ మీద డాక్టరేట్

అరవైల చివర్లో నా పరిశోధనకు ఇద్దరు గైడులు. ఒకాయన సైకాలజీ, ఇంకొకాయన ఇంజినీరింగు. ఒకరంటే ఒకరికి పడదు కానీ, నా నెత్తినెక్కడానికి మాత్రం ఏకమయ్యేవారు. నీళ్లు తోడే ఆయిల్ ఇంజిన్ స్టార్టు చేస్తుంటే హ్యాండిల్ ఎదురుతన్ని కూలీల చేతులు విరుగుతున్నాయి. తప్పు మనిషిదా, హ్యాండిల్‌దా? అది తేల్చడమే నా పని. కూలీలను అడగాలి, వాళ్ల జవాబుల ప్రకారం కార్డులకు చిల్లులు పొడిచి కంప్యూటర్‌కు ఇవ్వాలి.

జగ్గయ్యపేట, నందిగామ చుట్టూ తిరిగాను. ఎక్కడికెళ్లినా పద్ధతి ఒకటే. ఇంజిన్ ఎవరిదో ఆ ఆసామి అరుగు మీదే ప్రశ్నలు. మా ఊళ్లోనూ అంతే. మాది ఊరి చివర కూలీల పేట. మా ఊరి ఆసామి అరుగెక్కడం నాకదే మొదటిసారి. చదువుకున్నవాణ్ణని కుర్చీ వేశారు. పక్కన ఆసామి కూర్చున్నాడు. కింద కూలీలు, వాళ్లలో మా బాబాయి. విరిగిన మణికట్టుకు నాటు కట్టు.

"హ్యాండిల్‌తో ఇబ్బందేమైనా ఉందా?" అన్నాను.

బాబాయి నావైపు చూడలేదు, ఆసామి వైపు చూశాడు. "అబ్బే, ఏం లేదండి. నేనే చూసుకోలేదండి."

నాకు ఒళ్లు మండిపోయింది. సాయంత్రం పేటలో బాబాయిని అదే అడిగాను.

"ఆయన ముందర ఇంకేం చెప్పమంటావురా? రేపు పనిలోకి పిలవొద్దూ?" అని కసిరాడు.

పేటలో కూర్చుని అందరినీ మళ్లీ అడిగితే జవాబులు తిరగబడ్డాయి. ఇంజిన్ స్టార్టవగానే ఊడి రావాల్సిన హ్యాండిల్ ఊడదట, వెనక్కి తిరిగి తంతుందట.

ఈలోగా కంప్యూటర్ మొదటి కార్డులు చూసి, తప్పు కూలీలదేనని తేల్చింది. రెండో జవాబులు పట్టుకెళ్లి గైడుల ముందు పెట్టాను. "మీవాళ్లని మీ పేటలో అడిగితే ఇలాగే చెప్తారు" అన్నాడు సైకాలజీ ఆయన. మనిషి మనసు చదివే శాస్త్రమట! "మిషను అబద్ధమాడదయ్యా" అన్నాడు ఇంజినీరింగు ఆయన. మిషనెందుకు ఆడుతుంది? ఆడించింది ఆ అరుగు. ఆ మాటే మొహాన అనేశాను. మొదటి జవాబులతో రాస్తేనే సంతకం పెడతామన్నారు.

ఇంటికొచ్చి బాబాయికి చెప్పాను. అప్పటికి కట్టు విప్పేశారు, చెయ్యి వంకరగానే ఉండిపోయింది. ఆ చేత్తోనే అన్నం కలుపుకుంటూ, "వాళ్లడిగిందే రాసిచ్చెయ్యరా. నా చెయ్యి ఎటూ పోయింది. నీ చదువన్నా దక్కనీ" అన్నాడు.

గైడుల మీద కంటే ఎక్కువ కోపం ఆయన మీద వచ్చింది. అంత మంచితనం ఎవరడిగారు? "నీ చెయ్యి ఎందుకు పోవాలసలు?" అని అరిచాను. పిన్ని బిత్తరపోయింది.

నేను రాసివ్వలేదు. డాక్టరేట్ రాలేదు. బాబాయి మాత్రం పోయేదాకా, తన చెయ్యి మూలంగానే నా చదువు చెడిందని కనపడ్డవాళ్లకల్లా చెప్పుకుని బాధపడ్డాడు.