లేబుల్ లేని సీసాలు

మా ఆయన్ని అందరూ పొగ మేస్త్రీ అంటారు. మట్టి ట్రాకుల మీద ఎగిరే చిన్న టూ-స్ట్రోక్ బళ్లు బాగుచెయ్యడం ఆయన పని. ఆ ఇంజన్లకి ఆయిల్ విడిగా పొయ్యరు, పెట్రోల్లోనే కలుపుతారు. ఏ ఆయిల్ కలపాలన్నదే తంటా. పడవ ఇంజన్ల కోసం చేసినదైతే నీళ్లతో చల్లబడే వాటికే సరిపోతుంది, మట్టిలో మరిగే ఇంజన్లో పోస్తే పిస్టన్ బిగుసుకుని ఇంజన్ పట్టేస్తుంది. చవకది పొగే తప్ప ఇంకేమీ ఇవ్వదు. మంచిదాంట్లో ఆముదం కలుస్తుంది, అది ఇంజన్ని కాపాడుతుంది.

ఈయన డబ్బా మీది రాత నమ్మరు. ఆయిల్ రాగానే ఒకే రకం సీసాల్లోకి ఒంపేసి డబ్బాలు బయట పారేస్తారు. "రాసినవాడు అమ్ముకోవడానికి రాస్తాడు. పొగ అబద్ధమాడదు," అంటారు. ఇంజన్ స్టార్ట్ చేసి, సైలెన్సర్ దగ్గర వంగి, కళ్లు మూసుకుని వాసన పీల్చి ఏ ఆయిలో చెప్పేస్తారు. ఏళ్ల తరబడి ఒక్కసారీ తప్పలేదు. ఆ గొప్ప నేనూ చెప్పుకున్నాను, కాదనను.

మొన్న చలికాలం ఈయనకి జ్వరమొచ్చింది. తగ్గాక ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు. ఈయన పక్కనే కూర్చుని నింపాదిగా బోల్టులు ఏరుకుంటున్నారు.

"ఏమండీ, వాసన రావట్లేదా?"

"వస్తోంది. నువ్వు చూసుకుంటావులే అని ఊరుకున్నా."

నాకు అప్పుడే ఒళ్లు మండింది. ముక్కు పోతే పోయింది, ఆ మాట చెప్తే ఏం పోతుంది?

మా అమ్మాయి ఆ బళ్ల మీదే పెరిగింది. జట్టులో చోటు కోసం రెండు పోటీలు పెట్టారు, ఒక్కదాంట్లోనైనా మొదటి నలుగురిలో ఉండాలి. మొదటి పోటీలో సగం దూరం వెళ్లాక ఇంజన్ పట్టేసింది. బురదలో బండి తోసుకుంటూ వచ్చింది పిల్ల. ఈయన పెట్రోల్ కల్తీ అన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

రెండో పోటీ రేపనగా, కొత్త పిస్టన్ బిగించి, షెడ్డులో సీసాలన్నీ ముందేసుకుని కూర్చున్నారు. ఒకటి కలపడం, బండి స్టార్ట్ చెయ్యడం, పీల్చడం, పారబొయ్యడం. మధ్యాహ్నమంతా ఇదే. అమ్మాయి హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని చూస్తోంది.

"ఏదో ఒకటి తేల్చండి," అన్నాను.

"తొందరపడితే పనులవుతాయా?" అని, చివరికి ఒక సీసా పైకెత్తి, "ఇదే," అన్నారు.

నాకు నమ్మకం కుదర్లేదు. ఆయన చేతులు కడుక్కుని వచ్చేలోగా ఆ సీసాని మిగతావాటి మధ్యకి జరిపి, ఆయన రాగానే మళ్లీ దాన్నే తీసి ఇచ్చాను. "దీన్ని కూడా ఒకసారి చూడండి."

కలిపారు. పీల్చారు. మొహం చిట్లించారు. "ఛీ, పడవ ఆయిల్ ఇది."

"ఇందాక మీరు 'ఇదే' అని ఎత్తి చూపించింది దీన్నే."

అమ్మాయి నేల చూస్తూ అంది. "మొదటి పోటీ రోజు కూడా పొగ వాసన తేడాగానే ఉందమ్మా. స్టార్ట్ చెయ్యగానే తెలిసింది."

"తెలిసీ ఎందుకు ఎక్కావే?"

"నాన్న బాగుందన్నారుగా."

ఈయన అక్కడే నేల మీద చతికిలబడ్డారు. నా కోపమంతా ఎవరి మీద చూపించాలో నాకు తెలియలేదు. చెప్పులు వేసుకుని బజారుకి పోయి, మట్టి బళ్లకి వాడేదని రాసి ఉన్న సీలు తియ్యని డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. అలవాటుగా ఆయన చెయ్యి ఖాళీ సీసా మీదికి పోయింది. ఆగి, డబ్బా నాకందించారు.

"ఎంత కలపమన్నాడో చదువు."

మర్నాడు ట్రాకు పక్కన కంచె పట్టుకుని నిలబడ్డాం. అమ్మాయి మా ముందు నుంచి వెళ్లిన ప్రతిసారీ నేను బండినే చూస్తున్నాను, ఎక్కడ ఆగుతుందో అని. ఆగలేదు. మూడోదిగా గీత దాటింది. జనం అరుస్తున్నారు. ఈయన అరవలేదు. బండి వెళ్లిన చోట పొగ ఇంకా తేలుతోంది, అటే చూస్తూ నన్ను అడిగారు.

"వాసన ఎలా ఉంది?"

పెళ్లయినప్పటి నుంచీ నేను తిట్టుకుంటూ సబ్బుతో బాదిన వాసనే అది, కాస్త ఆముదం కాగినట్టు.

"మీ చొక్కా వాసనేనండీ," అన్నాను.