నాలీలోంచి వెళ్ళిన నా పైపు

అంటురోగం వస్తే ఒక నగరం ఎంతవరకు తట్టుకుంటుందో నాకు బాగా తెలుసని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. బడిలో నా చదువు పదో తరగతితో ఆగింది. మిగిలిందంతా రాయపూర్‌లో లైబ్రరీ బల్ల ముందు కూర్చుని నేర్చుకున్నదే. ధర్సీవాలో ఫ్యాక్టరీ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వెళ్ళేవాణ్ణి. పాతకాలపు నగరాల్లో కలరా ఎలా పాకింది, మునిసిపాలిటీలు ఏం చేశాయి అని చెప్పే పుస్తకాలంటే నాకు మహా ఇష్టం. ఊళ్ళో మోవా అనే పేటలో మా గల్లీ తెలుగువాళ్ళు ఏ హిందీ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. అదీ నాకు గర్వంగానే ఉండేది.

ఒక వేసవిలో మా గల్లీలో కామెర్లు మొదలయ్యాయి. మొదట చివరి ఇంట్లో ఇద్దరికి, తరవాత మధ్య ఇళ్ళలో. మావాళ్ళు అలవాటు ప్రకారం పసరు మందుకి పరిగెత్తారు. నేను అరుగు మీద నిలబడి కార్పొరేషన్‌ని తిట్టాను. నీళ్ళ గొట్టంలోకి మురికి పోతోందనీ, పుస్తకాల్లో ఇదంతా ఎప్పుడో రాసి ఉందనీ ఉపన్యాసం ఇచ్చాను.

పక్కింటి అక్క, శ్రీకాకుళం మనిషి, తలుపు దగ్గర బియ్యం ఏరుతూ విని నవ్వేది.

“ఏటి తమ్ముడూ, ఆ పుస్తకాల్లో తిట్లు కూడా రాసుంటాయేటి?”

ఆమె కూతురు అప్పుడే పురిటికి పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెల.

నేను తిట్టినంత చేతకాకుండా ఏమీ లేదు కార్పొరేషన్. రెండో వారానికల్లా ట్యాంకర్ పంపింది, క్లోరిన్ మాత్రలు పంచింది. గల్లీలో ఇల్లిల్లూ అడిగి రమ్మని మితానిన్‌ని పంపింది. మా ఛత్తీస్‌గఢ్‌లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తను అలాగే పిలుస్తారు. నలభై ఏళ్ళ మనిషి. ఎండకి చీర కొంగు నెత్తిన వేసుకుని, చేతిలో రిజిస్టరుతో వచ్చింది.

“భయ్యా, ఎవరికైనా పచ్చకామెర్లా?”

“లేవు. మేం నీళ్ళు కాచి తాగుతాం.”

“మోటారు పెట్టి లాగుతున్నారా?”

“లేదు.”

“నాలీలోంచి మీ పైపు ఏదైనా వెళ్తోందా?”

“పాతది ఉండేది. తీసేశాం.”

మోటారు ఆమెకి మూడడుగుల దూరంలో బోర్లించిన టబ్బు కింద ఉంది. పైపు ఇంటి ముందు మురుగు కాలవ, ఆ నాలీలోంచే వెళ్తోంది. రెండేళ్ళ కిందట నేనే వేశాను. అతుకు దగ్గర కారుతుంటే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టాను. పొద్దున నీళ్ళు ఆగాక గొట్టం ఖాళీ అవుతుందనీ, ఆ అతుకులోంచి నాలీ నీళ్ళు లోపలికి పోయి, మర్నాడు గల్లీ అందరి కుళాయిల్లోకీ వస్తాయనీ నాకు తెలుసు. తెలియదని ఎలా చెప్పను? అందుకేగా నీళ్ళు కాచుకుంటున్నాం! నిజం చెబితే కనెక్షన్ కోస్తారు. దాని కన్నా, గల్లీ ముందు తల ఎలా ఎత్తుకోవడం అన్నదే నన్ను ఆపింది.

ఆమె టబ్బు ఎత్తి చూడలేదు. నవ్వుతూ టిక్కు పెట్టుకుంది.

“అందరూ మీలా చదువుకున్నవాళ్ళయితే నా పని ఎంత తేలికో భయ్యా!”

ఆ రిజిస్టరుని నమ్మి కార్పొరేషన్ మనుషులు గల్లీ అవతలి చివర తవ్వారు. నాలుగు రోజులు తవ్వారు. నేను డ్యూటీకి వెళ్తూ వాళ్ళని చూసేవాణ్ణి. మూడో రోజు పక్కింటి అమ్మాయి కళ్ళు పచ్చబడ్డాయి. గర్భిణికి ఈ జబ్బు ఎంత ప్రమాదమో నేను చదివి ఉన్నాను. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు అతుకు విప్పి, పైపు లాగేసి, వీధి గొట్టం వైపు కొసకి బిరడా బిగించాను. అప్పుడైనా వెళ్ళి చెప్పలేదు.

పెద్దాసుపత్రిలో అమ్మాయి బతికింది. బిడ్డ బతకలేదు.

పదిహేను రోజులకి అక్క మా ఇంటికి వచ్చి నేల మీద కూర్చుంది. ఈసారి నవ్వలేదు.

“తమ్ముడూ, కార్పొరేషనోళ్ళ మీద గట్టిగా ఒక కాగితం రాయి. నువ్వయితే రాయగలవు.”

రాశాను. మంచి హిందీలో, పేరా పేరాకీ బలం పెంచుతూ, సర్వే సరిగ్గా జరగలేదని రాశాను. అందరూ సంతకాలు పెట్టారు. మొదటి సంతకం నాది.

నెల తిరక్కుండా మితానిన్‌ని మా వార్డు నుంచి తీసేశారు. ఆమె ఒకరోజు మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కోపంగా లేదు.

“భయ్యా, నేను మీ గల్లీలో ఏ ఇల్లయినా వదిలేశానా?”

“లేదు. అన్ని ఇళ్ళకీ వచ్చావు.”

“ఆ మాటే ఒక కాగితం మీద రాసివ్వండి. మీరు రాస్తే మీ వార్డు కార్పొరేటరు నమ్ముతాడు.”

రేపు రాసిస్తానన్నాను. ఆమె వచ్చిందని రాస్తే, వచ్చినప్పుడు నువ్వేం చెప్పావని అడుగుతారు. మర్నాడు ఆమె వచ్చే వేళకి లైబ్రరీకి వెళ్ళి కూర్చున్నాను. తరవాతి రోజూ అంతే. మూడో రోజు నుంచి ఆమె రాలేదని మా ఆవిడ చెప్పింది.