అత్తగారి తండ్రిని వెతికిన బైండరు

వీధిలో అతన్ని జిగురు అనే పిలుస్తారు. చేతికి జిగురంటని రోజు లేదు, నోటికి అడ్డూ అదుపూ లేదు. ఇరవై ఏళ్లుగా లైబ్రరీ పుస్తకాలకు బైండింగ్ చేస్తున్నాడు గానీ, ఒక్కటీ చదివిన పాపాన పోలేదు.

ఆ నోరే కొంప ముంచింది. ఒకరోజు భోజనాల బల్ల దగ్గర అత్తగారు తన తండ్రి కథ ఎత్తుకుంది. పాత యుద్ధంలో ఆయన కంచరగాడిదల మీద సైన్యానికి తిండి చేరవేశాడట.

"ఇంతకీ ఆయన చూసింది యుద్ధమా, గాడిద తోకా అత్తయ్యా?" అన్నాడు జిగురు.

చుట్టాలంతా పగలబడి నవ్వారు. ఆవిడ చెయ్యి కడుక్కుని పక్క వీధిలోని తన గదికి వెళ్లిపోయింది. పదకొండు రోజులైనా గడప తొక్కలేదు.

"ఉత్త క్షమాపణకి మా అమ్మ లొంగదు. మా తాత కథ కోతలు కాదని పుస్తకంలో చూపించండి," అని తేల్చేసింది భార్య.

లైబ్రరీ మేడం ఆ యుద్ధం మీద నాలుగు పుస్తకాలు బల్ల మీద పెట్టింది. జిగురు వాటిని సంతలో ఎడ్లను చూసినట్టు చూశాడు. కుట్టు లాగాడు, అట్ట తట్టాడు. చివరికి బంగారు అక్షరాల తోలు అట్టది చంకన పెట్టుకున్నాడు. అది సేనాధిపతి రాసుకున్న పుస్తకం. మూడు రోజులు కూడబలుక్కుని చదివితే, సేనాధిపతి గుర్రం పేరు పదిహేడు చోట్ల కనిపించింది. తిండి ఎవరు మోశారో ఒక్క ముక్క లేదు.

"అంత సైన్యం గాలి తిని బతికిందా?" అంది భార్య.

మళ్లీ వెళ్తే మేడం నవ్వింది. "మీరు బైండింగ్ చూసి తీసుకెళ్లారు బైండర్ గారూ. మూటలు మోసినవాళ్లు కావాలంటే మూటలు లెక్కపెట్టినవాణ్ని అడగాలి." సైన్యం గోదాములో పనిచేసిన గుమాస్తా రాసిన పల్చటి పుస్తకం చేతికిచ్చింది.

విషయసూచిక చివర్లో ఇలా ఉంది: 'కంచరగాడిదలు తోలినవారి పట్టిక, 212వ పేజీ.' ఆత్రంగా తిప్పాడు. పుస్తకం 210తో అయిపోయింది.

"ఏ దౌర్భాగ్యుడు చించాడో!" అని అరవబోయి, కుట్టు ముడి చూసి ఆగిపోయాడు. ఆ ముడి తనదే.

ఎప్పుడో ఇదీ, సేనాధిపతిదీ, రెండు పుస్తకాలూ ఒకే కట్టలో రిపేరుకొచ్చాయి. ఊడిపోయిన చివరి కాగితం, ఉత్త పేర్ల జాబితా, ఎవడు చదువుతాడులే అనుకున్నాడు. లావు పుస్తకం వెన్నుకి బలం కోసం లోపల అతికించేశాడు.

"దౌర్భాగ్యుడు దొరికాడా?" అంది మేడం.

"దొరికాడు. తడిగుడ్డ ఉందా?"

సేనాధిపతి వెన్ను కోసి, తడి అద్ది, ఊపిరి బిగబట్టి కాగితాన్ని ఒలిచాడు. అత్తగారి తండ్రి పేరు ఏడో వరసలో ఉంది.

సాయంత్రం అత్తగారి గది గుమ్మంలో నిలబడి చదివాడు: "పద్నాలుగు గాడిదలు. వంతెన కూలాక మూడుసార్లు ఏరు దాటించాడు." జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

"అయితే ఇన్నాళ్లూ మా నాన్నని ఆ సేనాధిపతికి దన్నుగా పెట్టావన్నమాట!"

"ఆయన లేకపోతే ఆ పుస్తకం ఎప్పుడో విడిపోయేది అత్తయ్యా. నాదే తప్పు."

ఆవిడ పెదాలు బిగించింది గానీ నవ్వు ఆగలేదు. "మళ్లీ చదువు. ఇక్కడ కాదు. నవ్వినవాళ్లందర్నీ పిలిచి, అదే బల్ల దగ్గర."

"అందర్నీ నవ్వించింది నేనే కదా."

"అందుకే నువ్వే చదవాలి. గట్టిగా," అంది, చెప్పుల కోసం వెతుక్కుంటూ.