పడుకున్న పిల్లను లేపొద్దన్న కొమురమ్మ

కొమురమ్మ నోటికి అల్మాస్‌గూడలో ఆ గల్లీ గల్లీ అంతా జడుస్తుంది. పాలబ్బాయి ప్యాకెట్ గేటుకు తగిలించి వెనక్కి చూడకుండా పోతాడు. కూరగాయల బండాయన ఆమె కనిపిస్తే అడగకముందే ధర తగ్గించి చెబుతాడు. పోచంపల్లి పక్క ఊళ్లో చీరల నేతకు మేకుల చుట్టూ నూలు తిప్పి తిప్పి, ఆసు పోసి పోసి కుడి భుజం అరగదీసుకున్న మనిషి. భుజం అరిగింది గానీ నోరు అరగలేదు.

అంతటి మనిషీ మనవరాలు జ్యోతిక ముందు మాత్రం మెత్తబడిపోతుంది. ఎందుకు మెత్తబడదు మరి! నాలుగేళ్ల పిల్ల. పుట్టిన కొన్నాళ్లకే తల పెరగడం మొదలైంది. మెదడులో నీరు చేరిందన్నారు. తలలోంచి పొట్టలోకి చర్మం కిందుగా సన్నని గొట్టం వేశారు. షంట్ అంటారు దాన్ని. ఎక్కువైన నీరు అందులోంచి కిందికి దిగిపోతుంది. ఒకసారి దానికి చీము పట్టింది. అది తీసేసి, మళ్లీ కొత్తది వేశారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో పిల్ల దగ్గితే భయం, తుమ్మితే భయం.

కోడలు అరుణశ్రీ దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనిచేస్తుంది. రోజూ షేర్ ఆటో ఎక్కేముందు అదే పాఠం అప్పజెబుతుంది.

"అత్తమ్మా, వాంతి, తలనొప్పి, మత్తు నిద్ర. గిట్ల ఏది కనవడ్డా నాకు ఫోన్ చెయ్యి. గొట్టం మూసుకపోతే పిల్ల నిద్రలనే పోతదంట."

"ఎన్నిసార్లు చెప్తవ్ బిడ్డా? నాకేమన్న చెముడా?"

ఆ రోజు కూడా ఇదే భాగోతం అయింది. కొడుకు హరిప్రసాద్ తను పనిచేసే షాపు సరుకు కోసం విజయవాడ వెళ్లాడు. అరుణశ్రీ వెళ్లిపోయింది. కొమురమ్మ పిల్లకు కొత్త గౌను తొడిగి గడపలో కూర్చోబెట్టింది. పై వాటాలో ఉండే ఇంటి యజమానురాలు సూర్యప్రభ మెట్లు దిగుతూ ఆగింది. తెనాలి వైపు మనిషి, ఏదీ కడుపులో దాచుకోదు.

"అబ్బ, ఎంత ముద్దుగా ఉందో! బాగా తేరుకుందండీ కొమురమ్మగారూ, బుగ్గలు చూడండి!"

కొమురమ్మ పిల్ల మొహానికి కొంగు అడ్డం పెట్టింది. బుగ్గల మాట ఎవరడిగారు నిన్ను?

కాసేపటికే పిల్ల తాగిన పాలన్నీ కక్కేసింది. "తల నొస్తుంది నాయనమ్మా" అని ఒళ్లో వాలిపోయింది. ఇంకేముంది, కొమురమ్మకు దొంగ దొరికిపోయాడు. ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి, దిష్టి తీసి, పొయ్యి మీద వేసింది. మిరపకాయలు మాడి మసైనా ఘాటు రాలేదు.

"సూసినవా? ముక్కుకు మంట కూడ లేదు. ఎంత దిష్టి తాకిందో నా బంగారానికి!"

పిల్ల నిద్రపోయింది. కదలకుండా, మెదలకుండా. దిష్టి దిగితే పిల్లలు అలాగే పడుకుంటారని కొమురమ్మ అమ్మ చెప్పింది, అత్త చెప్పింది. దిష్టి తీశాక పడుకున్న పిల్లను లేపకూడదని కూడా వాళ్లే చెప్పారు. కొమురమ్మ ఫ్యాను తగ్గించి, తలుపు దగ్గరికి వేసి, హాయిగా ఊపిరి పీల్చుకుంది.

మధ్యాహ్నం అరుణశ్రీ ఫోన్ చేసింది. "ఏం చేస్తుంది అత్తమ్మా? వాంతి గింతి అయిందా?"

కొమురమ్మకు షాపాయన మాట గుర్తొచ్చింది. మొన్ననే ఒట్టి జలుబుకు అరుణశ్రీ పని వదిలేసి పరుగెత్తుకొచ్చింది. షాపాయన ఇంకోసారి ఇలా అయితే రావద్దన్నాడు. పాపం, దాన్నెందుకు పరేషాన్ చేయడం?

"ఏం లేదు. మంచిగ పన్నది. నువ్వు పని చూసుకో."

కొంతసేపటికి సూర్యప్రభ గిన్నెలో సేమ్యా పాయసం తెచ్చింది. కొమురమ్మ తలుపు సగమే తీసింది.

"పిల్ల పన్నదమ్మా. లేపొద్దు."

"ఇంతసేపా? ఎప్పుడూ పడుకోదే!"

"పడుకోనియ్యి. నీ కండ్లు జర పక్కకు పెట్టుకో" అని మొహం మీదే తలుపు వేసేసింది. సూర్యప్రభ బిత్తరపోయి గిన్నెతో సహా వెనక్కి వెళ్లింది.

ఎండ దిగే వేళకు గల్లీలోకి ఐస్‌క్రీం బండి వచ్చింది. ఆ గంట వింటే జ్యోతిక ఎంత నిద్రలో ఉన్నా దిగ్గున లేచి గేటు పట్టుకుంటుంది. గంట మోగింది. పిల్ల లేవలేదు. బండి గేటు ముందుకొచ్చి మళ్లీ మోగించింది. పిల్ల వేలు కూడా కదల్లేదు.

కొమురమ్మ మంచం దగ్గరికి ఉరికింది. "జ్యోతికా! బిడ్డా! అయిస్‌క్రీమొచ్చింది, లే!" భుజం పట్టి ఊపింది. తల వేలాడిపోయింది. రెప్పలు పైకెత్తి చూస్తే నల్లగుడ్లు కిందికి దిగిపోయి ఉన్నాయి. కోడలి పాఠంలో మూడో మాట అప్పుడు చెవిలో పడింది. మత్తు నిద్ర. తను పొద్దుటి నుంచీ కాపలా కాసింది దానికే.

"సూర్యప్రభమ్మా! ఓ సూర్యప్రభమ్మా!"

సూర్యప్రభ చెప్పులు లేకుండానే పరుగెత్తుకొచ్చింది. తలుపు సంగతి ఎత్తలేదు. కారు తీసింది, దారిలోనే అరుణశ్రీకి ఫోన్ చేసి ఎల్‌బీ నగర్ దవాఖానకు రమ్మంది. సాగర్ రింగ్ రోడ్డు మీద బండ్లు కదలవే! కొమురమ్మ ఒళ్లో పిల్లను గిల్లుతూ, పిలుస్తూ, కనిపించిన ప్రతి లారీనీ తిడుతూ కూర్చుంది. ఒక చోట తిట్లు కూడా అయిపోయాయి. "నేనే పండవెట్టిన" అని మాత్రం గొణుగుతూ ఉంది.

దవాఖానకు చేరేసరికి అరుణశ్రీ మెట్రో దిగి అక్కడే ఉంది. డాక్టరమ్మ పిల్ల కళ్లలోకి లైటు వేస్తూ అడిగింది. "వాంతులయ్యాయా? మత్తు ఎప్పటి నుంచి?"

"వాంతి కాలేదు మేడం" అంది అరుణశ్రీ. "మధ్యాహ్నం గూడ మంచిగనే ఉండె. మా అత్తమ్మనే చెప్పింది."

కొమురమ్మ కోడలి వైపు చూసింది. కోడలు జన్మలో క్షమించదు. పక్కన సూర్యప్రభ కూడా ఉంది. అయినా చెప్పకపోతే పిల్ల దక్కదు.

"అయింది" అంది. "పొద్దుగాలనే అయింది. తల నొస్తుందన్నది. అప్పటిసంది పన్నది. దిష్టి అనుకున్న. నా కోడలుకు అబద్ధం చెప్పిన డాక్టరమ్మా, నన్నేమన్న అను గాని పిల్లను చూడు."

అరుణశ్రీ అత్త వైపు చూసిన చూపుకు తిట్టయినా నయం. డాక్టరమ్మ అప్పటికే నర్సులను కేకేస్తోంది. స్కాన్ తీశారు. గొట్టం మూసుకుపోయింది, నీరు నిండిపోయింది. వెంటనే ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. బయట బెంచీ మీద అత్తా కోడళ్లు చెరో చివర కూర్చున్నారు. మధ్యలో సూర్యప్రభ ఎటూ చూడలేక గోడనే చూస్తూ ఉండిపోయింది.

జ్యోతిక బతికింది. కళ్లు తెరిచి మొదట అమ్మను అడిగింది, తర్వాత ఐస్‌క్రీం అడిగింది. ఈ గొట్టం కూడా ఎన్నాళ్లు పనిచేస్తుందో చెప్పలేమనీ, మళ్లీ మూసుకుపోవచ్చనీ డాక్టరమ్మ ముందే చెప్పేసింది. అరుణశ్రీ అత్తతో చాలా రోజులు మాట్లాడలేదు. షాపుకూ పోలేదు. ఒక రోజు మాత్రం బ్యాగు భుజాన వేసుకుని గడపలో ఆగి, "వాంతి, తలనొప్పి, మత్తు నిద్ర" అంది. కొమురమ్మ ఆ మూడు మాటలూ మారుపలక్కుండా తిరిగి అప్పజెప్పింది. చెముడా అని అడగలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో పిల్ల పగలు కాసేపు పడుకుంటే చాలు, కొమురమ్మ వెళ్లి లేపుతుంది. తను లేపాక సూర్యప్రభను కూడా పిలుస్తుంది. "నువ్వు గూడ చూడమ్మా, కండ్లు మంచిగున్నయా?"

నిన్న కూడా అలాగే లేపింది. జ్యోతిక కాళ్లు తపతపా కొట్టి, దుప్పటి విసిరేసి, గల్లీ అంతా వినబడేలా అరిచింది. "నీకేం పని లేదా నాయనమ్మా? పో! నన్ను పడుకోనియ్యవా?"

"తిట్టు బిడ్డా" అంది కొమురమ్మ, పిల్ల పక్కనే నేల మీద కూలబడి కళ్లు తుడుచుకుంటూ. "ఇంకో రెండు తిట్టు."