నాలుగో సంతకం

పొద్దున్నే గుమ్మంలో పేపరు పడిందంటే మా ఇంట్లో గొడవ మొదలైనట్టే. ఆయన పైకి చదివేవారు, నేను పొయ్యి దగ్గర నిలబడి వినేదాన్ని. మూడో పేజీకొచ్చేసరికి ఆ గొంతు వీధి చివరి ఇంటివాళ్లకీ వినపడేది. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. పేపరు ఇప్పటికీ పడుతోంది, మడత విప్పే మనిషే లేడు. ఇల్లు ఇంత బుద్ధిగా ఉంటే నాకు ఒళ్లు మండుతోంది.

మా ఆయనకున్న పిచ్చి ఒక్కటే. ఎవరినీ దేంట్లోంచీ ఊరికే బయటికి పోనిచ్చేవారు కాదు. "చేరేటప్పుడు ఎవరెవర్ని అడిగి చేరారు? బయటికొచ్చేటప్పుడూ వాళ్లందర్నీ అడిగి రండి." ఇదీ వరస.

మేముండే మేడ మీద బట్టలు ఆరేసుకోవచ్చని అన్ని వాటాలవాళ్లూ కూర్చుని ఒప్పుకున్నారు. ఓ రోజు మా వాటాల సంఘం సెక్రటరీ చెప్పాపెట్టకుండా మేడ తలుపుకి తాళం వేసేశాడు. మా ఆయన తడి దుప్పటి భుజాన వేసుకుని అతని గుమ్మంలో నిలబడ్డారు.

"ఒప్పుకున్నది అందరం. తాళం ఒక్కడిదా?"

"ముందు ఆ నీళ్లు కారకుండా చూడండి మహానుభావా!"

"మీటింగు పెట్టేదాకా కారుతూనే ఉంటాయి."

గంటలో తాళం తీశాడు. దుప్పటి మాత్రం మళ్లీ ఉతుక్కున్నాను.

ఇదంతా ఆయన ఉద్యోగం అంటించిన జబ్బు. మన దేశం బయటి దేశాలతో రాసుకున్న ఒప్పందాలన్నీ ఉండే బీరువాకి ఆయనే గుమాస్తా. తాళంచెవి చొక్కా లోపలి జేబులో, ఆ జేబుకో పిన్నీసు.

వాటిలో ఒకటి పడవల ఒప్పందం. సముద్రంలో పడవ మునుగుతుంటే, అందులో ఉన్నది ఏ దేశంవాళ్లని అడక్కుండా ఒడ్డుకు చేర్చాలని. మన చట్టసభ చేతులెత్తి మరీ అందులో చేరింది. ఓ ఏడాది మంత్రిగారు సభకి చెప్పకుండా, "ఏడాది తర్వాత మేం ఇందులో ఉండం" అని మిగతా దేశాలకి ఉత్తరం పంపేశారు. పై ఆఫీసరు మా ఆయన్ని పిలిచాడు.

"రిజిస్టర్లో రద్దు అని రాయవయ్యా."

"ఆ రోజు చేతులెత్తింది నూట పన్నెండు మంది సార్. ఈ ఉత్తరంలో ఒక్క చెయ్యే కనిపిస్తోంది. మిగతా నూట పదకొండు ఏవి?"

"నువ్వు గుమాస్తావా, జడ్జివా?"

"గుమాస్తానే సార్. అందుకే వెతుక్కుంటున్నాను."

చివరికి రాశారు. పెన్సిలుతో.

"ఇదేమిటి?"

"ఇంకా ఏడాది గడువుంది కదా సార్. అందాకా పెన్సిలే."

మర్నాడే నేలమాళిగలో కిటికీలు లేని పాత కాగితాల గదికి బదిలీ చేశారు. ఇంటికొచ్చి రోజూ నా మీద విరుచుకుపడేవారు. "మాట ఇచ్చింది దేశం! మంత్రి ఇంట్లో పిల్లాడికి ఇచ్చిన మాటా ఇది, తీరిక లేదని తప్పించుకోవడానికి?" నేను పోపు మాడకుండా చూసుకుంటూ తలూపేదాన్ని.

ఎవరో లాయర్లు కోర్టుకెక్కారు. పదో నెలలో తీర్పొచ్చింది. సభ ఒప్పుకుని చేరినదాంట్లోంచి సభ ఒప్పుకోకుండా బయటికి రాకూడదన్నారు. ఏడాది ఇంకా నిండలేదు కాబట్టి ప్రభుత్వం తన ఉత్తరాన్ని తనే వెనక్కి తీసుకుంది. మా ఆయన పైకొచ్చి, రబ్బరుతో ఆ మాట తుడిచేసి, ఆ రబ్బరు పొట్టు పొట్లం కట్టి ఇంటికి తెచ్చారు.

"దాచవోయ్. నూట పదకొండు మంది మర్యాద ఇది."

దేశం సంగతి నాకేం తెలుస్తుందనుకునేరు. బాగా తెలుసు. మా వంటింటి గోడ మీదే ఓ ఒప్పందం ఉంది.

పెళ్లయిన మొదటి ఏడాది ఓ ఆదివారం నేను జ్వరంతో గిన్నెలు తోముతుంటే ఆయన చూశారు. వెంటనే కాగితం రాశారు: ఆదివారం గిన్నెలు అన్నదమ్ములే తోమాలి. అత్తగారు నవ్వుతూ సంతకం పెట్టారు, మరిది ఏడుస్తూ పెట్టాడు, ఆయన పెట్టారు. నాలుగోది నాది. నెల తిరక్కుండా అత్తగారు అడ్డం తిరిగారు.

"ఒరేయ్, చుట్టాలొస్తున్నారు. మగపిల్లలు అంట్లు తోముతుంటే నా పరువేం కాను? రద్దు చెయ్."

"అలాగేనమ్మా. నాలుగు సంతకాలతో చేరాం, నాలుగు సంతకాలూ పడితే బయటికొచ్చేద్దాం."

ఆ కాగితం కిందే రద్దు అని రాసి ముగ్గురూ పెట్టేశారు. అత్తగారు నావైపు చూశారు. పెద్దవాళ్ల ముందు నోరెత్తడం నాకు చేతకాదు. ఆయన జేబులోంచి తీసిచ్చిన ఇంకో పెన్ను తీసుకున్నాను. అది రాయలేదు. అత్తగారు విదిల్చారు, మరిది ఊదాడు, అయినా రాయలేదు. అంతలో చుట్టాలు వచ్చేశారు. "తర్వాత చూద్దాం" అంటూ ఆయన చొక్కా చేతులు మడుచుకుని సింకు దగ్గరికి వెళ్లారు.

అత్తగారు పోయినప్పుడు మరిది మళ్లీ కదిపాడు. "అమ్మ లేదుగా అన్నయ్యా, ఇంకా ఏం ఒప్పందం?"

"సభలో మనుషులు మారితే దేశం మాట మారుతుందట్రా? సబ్బందుకో."

పెళ్లీ పెటాకులూ లేని ఆ మరిది ఇప్పటికీ నాతోపాటు ఇదే ఇంట్లో ఉంటున్నాడు. ఈ ఎనిమిది నెలలూ ఆదివారం గిన్నెలు నేనే తోమాను. ఈ ఆదివారం భోజనమయ్యాక చెయ్యి కడుక్కుని, గోడ మీది కాగితం తీసి నా ముందు పెట్టాడు.

"నువ్వొక్క సంతకం పడేస్తే ఇది చింపేద్దాం వదినా. నువ్వు కాదనవులే."

కాదననని అతనికి ముప్పై ఏళ్లుగా తెలుసు. పెన్ను కోసం వెళ్లి ఆయన బల్ల సొరుగు లాగాను. రబ్బరు పొట్టు పొట్లం పక్కన ఆ పాత పెన్ను ఉంది. దానికి దారంతో ఓ చీటీ కట్టి ఉంది, ఆయన రాతే: "ఈవిడ సంతకానికి మాత్రమే. సిరా పొయ్యకూడదు."

ఎంత మోసం! ముప్పై ఏళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. కోపంతో నవ్వొచ్చింది. ఆ పెన్ను పట్టుకుని వంటింట్లోకి వచ్చాను.

"పెట్టేశావా వదినా?"

"పెట్టను."

నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. మరిది నోరు తెరిచాడు.

"అది కాదు వదినా, అన్నయ్యే లేనప్పుడు..."

"సబ్బు అక్కడుంది."

కాగితం మళ్లీ గోడకి తగిలించాను. వరండాలోకి వెళ్లి కూర్చుని పేపరు మడత విప్పాను. మూడో పేజీ తీసి, వీధి చివరి దాకా వినపడేట్టు పైకి చదవడం మొదలుపెట్టాను. అంట్లు సింకులోనే ఉన్నాయి. నేను లేవలేదు.