కొండ ఊపిరి

మంగ్లుకు పరుగంటే ఇష్టం లేదు. అతనికి ఇష్టమైనది వాలీబాల్. పాడేరులో డిగ్రీ చదివే రోజుల్లో అతను ఎగిరి బంతిని దంచితే అవతలివాళ్ళు తలలు దాచుకునేవారు. 1993లో మైదాన ప్రాంతంలోని ఒక వ్యాయామ విద్యా కళాశాలలో బీపీఈడీ సీటు వచ్చినప్పుడు, ముంచింగిపుట్టు అవతల కొండవార ఉన్న అతని ఊళ్ళో ఆ చదువు పేరు విన్నవాళ్ళు లేరు. ఆటలాడ్డానికి కూడా డిగ్రీలుంటాయేటని నవ్వారు. తండ్రి మాత్రం, ఆడించి మరీ ఉద్యోగమిస్తామంటే కాదనడానికి మనమెవరమని మూట కట్టి బస్సెక్కించాడు.

కాలేజీలో మొదటిరోజు లెక్చరర్ వరహాలరావు కొత్తవాళ్ళను ఎండలో వరసగా నిలబెట్టి, ఎవరి ఆట ఏమిటో అడుగుతూ వచ్చాడు. మంగ్లు దగ్గరికి వచ్చేసరికి ఊరి పేరు వింటే చాలనిపించింది.

"ఏజెన్సీయా? అయితే లాంగ్ డిస్టెన్స్."

"నాది వాలీబాల్ సార్."

"వాలీబాల్ ఎవడైనా ఆడతాడోయ్. నీకు దేవుడు కొండ ఊపిరితిత్తులిచ్చాడు. వాటిని పాడుచేసుకుంటావా?"

కొండవాళ్ళు పుట్టుకతోనే పరుగు వీరులనీ, వాళ్ళకు అలుపు రాదనీ, నొప్పి తెలియదనీ వరహాలరావు నమ్మకం. క్లాసులో పాఠం ఎటు పోయినా చివరికి అక్కడికే చేరేది. మంగ్లుకు మొదట్లో లోపల నవ్వొచ్చింది. కట్టెల మోపుతో ఎక్కేటప్పుడు వాళ్ళమ్మ దారి పొడుగునా కూలబడుతూనే వచ్చేది. మేనమామ దగ్గి దగ్గి పోయాడు. అలుపు రానివాళ్ళెవరో అతని ఊళ్ళో అయితే లేరు. కానీ అంతవరకూ కింద మైదానం వాళ్ళెవరు అతని పుట్టుక ఎత్తినా జాలి పడ్డారు, లేకపోతే వెక్కిరించారు. అది బలమని చెప్పిన మొదటివాడు వరహాలరావే. తిట్టునైతే ఎవడైనా దులిపేసుకుంటాడు. పొగడ్తను దులుపుకోవడం అంత తేలిక కాదు. ఆ ఏడాది గడిచేసరికి మంగ్లు కూడా నమ్మేశాడు.

క్రాస్ కంట్రీ పోటీలో అతను గుంపు మధ్యలో ఎక్కడో వచ్చాడు. ఊపిరి ఉంది, మనసు పెట్టడంలేదన్నాడు వరహాలరావు. మంగ్లు ఆ తప్పు తన మీదే వేసుకున్నాడు. సిద్ధాంతాలకు ఉన్న సుఖమే అది. ఓడిపోయేది ఎప్పుడూ మనిషే.

లయ వ్యాయామాల పేపరు ఒకటుండేది. లేజిమ్‌లూ డంబెల్సూ అయ్యాక జానపద నృత్యం. ఏజెన్సీ వాడివి కదా థింసా నేర్పమన్నారు. థింసా తమ ఊళ్ళో ఆడవాళ్ళు ఆడేది, అతను చూసేవాడు. అయినా మీసాలొచ్చిన కుర్రాళ్ళందరినీ ఒకరి నడుం వెనక ఒకరి చెయ్యి వేయించి, తోచినట్టు అడుగులు వేయించాడు. మంచి మార్కులొచ్చాయి. శరీరధర్మ శాస్త్రంలో రక్తం గురించి పెద్ద పాఠమే ఉంది. అది ఆరోగ్యంగా ఉన్నవాడి రక్తం గురించి మాత్రమే. మంగ్లు దాన్ని గైడులోంచి అక్షరం పోకుండా బట్టీపట్టాడు.

డిగ్రీ పట్టుకుని కొండెక్కిన కొన్నాళ్ళకే ముంచింగిపుట్టు వైపు ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో పీఈటీగా వేశారు. గ్రౌండంటే పశువులు మేసే వాలు. రాళ్ళేరించి, సున్నంతో గీతలు గీసి దాన్ని ట్రాకు చేశాడు. పిల్లలకు అతను మొదట చెప్పింది వరహాలరావు పాఠమే. మీరు కొండ గుంటలు, కొండల్లో పుట్టిన ఆడపిల్లలు, మీకు అలుపు రాదు. రాగి అంబలి తాగి, చలికి గోనెసంచి కప్పుకుని పెరిగిన ఆ పిల్లలకు ఆ మాట పండగలా ఉండేది. సాయంత్రం విజిల్ వినిపిస్తే చాలు, పళ్ళెం కూడా కడగకుండా పరిగెత్తుకొచ్చేవారు. కింద జరిగే పోటీల్లో బూట్లేసుకున్న పిల్లల్ని వీళ్ళు ఉత్త కాళ్ళతో దాటేసినప్పుడు మంగ్లుకు తన సిద్ధాంతం మీద మరి అనుమానం మిగల్లేదు.

ఎనిమిదో తరగతిలో కృపావతి అనే పిల్ల ఉండేది. సన్నగా, చువ్వలాగా ఉండేది. విజిల్ పడిందంటే ముందున్న నలుగురినీ దాటి బాణంలా పోయేది. అయితే వారం రోజులు అలా పరిగెత్తేదా, తర్వాత మంచం దిగేది కాదు. కాళ్ళు నొప్పి సార్ అనేది. చలికాలం మరీను. తోటి పిల్లలు దాన్ని నాటకాల రాణి అని పిలిచేవారు. చదువు పీరియడ్లు ఎగ్గొట్టడానికి జ్వరాలు, పరుగు ఎగ్గొట్టడానికి కాళ్ళనొప్పులు అని హెడ్మాస్టరు నవ్వేవాడు.

తల్లి చిట్టెమ్మ సంతకు వచ్చినప్పుడు ఒకసారి బడికొచ్చి, ఈ గుంటకు చిన్నప్పట్నుంచీ ఎముకల్లో పోటేనని, ఊళ్ళో మంత్రం వేసే గురువు చేత తాయెత్తు కట్టించానని, చర్చిలో ప్రార్థన కూడా చేయించానని చెప్పింది. చదువుకున్న మంగ్లు తాయెత్తు చూసి నవ్వాడు. తాయెత్తు విషయంలో అతను నవ్వడం సబబే. తాయెత్తుతోపాటు నొప్పిని కూడా కొట్టిపారేశాడు.

"నొప్పి కాదమ్మా, బద్ధకం. కొండల్లో పుట్టిన గుంటకి కాళ్ళనొప్పులేటి? నేనూ ఇక్కడోణ్నే కదా."

చిట్టెమ్మ అతని మెడలోని విజిల్ వైపు, తెల్ల బూట్ల వైపు చూసి, ఇక్కడివాడే చెబుతున్నాడు కదా అనుకుని వెళ్ళిపోయింది. కింది నుంచి వచ్చిన మాస్టారితోనైతే బహుశా వాదించేదేమో.

2001 డిసెంబరులో క్రీడా పాఠశాలకు ఎంపికలు పెట్టారు. అందులో సీటొస్తే ఆ పిల్లకు ముందు కోచింగు, తర్వాత తనలాగే డిగ్రీ, ఉద్యోగం. మంగ్లు కృపావతి మీదే ఆశ పెట్టుకున్నాడు. తన ఆశ ఆ పిల్లకూ అంటించాడు. నాకూ నీలాగ మెళ్ళో విజిలుంటాది కదా సార్ అని అడిగింది ఒకసారి. ఎంపికల ముందు వారమంతా మంచు తెరిపివ్వకముందే లేపి పరిగెత్తించాడు. పరుగుకు ముందు నీళ్ళు తాగితే కడుపు పట్టేస్తుందని ఆ రోజుల్లో ఏ కాలేజీలో చదివిన పీఈటీ అయినా నమ్మేవాడు. అందుకని పరుగు అయ్యేదాకా నీళ్ళ కుండ మూతే తియ్యనిచ్చేవాడు కాదు.

ఎంపికలకు రెండు రోజుల ముందు కృపావతి సగంలో గీత పక్కన కూర్చుండిపోయింది. కాళ్ళంది. దాహమంది. అతను విసుక్కున్నాడు.

"ఒక్క రౌండే. లెగు. ఎల్లుండి అక్కడ ఇలాగే కూకుంటావా?"

లేచింది. రౌండు పూర్తిచేసింది కూడా. గీత దాటి, రొమ్ము పట్టుకుని ముందుకు పడిపోయింది. జీపులో పాడేరు, అక్కణ్నుంచి విశాఖ. మర్నాడు సాయంత్రానికి పోయింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు చెప్పింది మంగ్లుకు మాట మాటా గుర్తే. ఎర్రకణాలు గుండ్రంగా ఉండాలి. ఈ పిల్లవి కొడవలిలా వంగిపోయి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. దాన్ని సికిల్ సెల్ అంటారు, తల్లినీ తండ్రినీ పట్టి వస్తుంది. చలి, దాహం, అలసట ఈ మూడూ కలిస్తే ప్రాణాల మీదికొస్తుంది. మీ కొండల్లో చాలామందికి ఉంది ఈ జబ్బు, అన్నాడు డాక్టరు. అతను ఎవరినీ నిందించలేదు. నొప్పులుండేవా అని మాత్రం అడిగాడు. ఉండేవన్నాడు మంగ్లు.

తర్వాత కూడా ఎవరూ నిందించలేదు. విధి అన్నాడు హెడ్మాస్టరు. ప్రభువు పిలుచుకున్నాడన్నాడు పాస్టరు. గిరిజన బాలిక, క్రీడా కుసుమం అని అధికారులు సంతాపసభలో మాట్లాడారు. మంగ్లు ఎవరైనా చెంప మీద కొడతారేమోనని ఎదురు చూశాడు. కొండల మీద చావుకు కారణం అడిగే అలవాటు పై అధికారులకు ఇంకా రాలేదు. చిట్టెమ్మ పిల్ల ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, వస్తానని చెప్పి వెళ్ళింది.

ఆ తర్వాత అతని గ్రౌండులో ఒకటే చట్టం. ముందు నీళ్ళు. కాళ్ళు నొప్పన్న పిల్ల కూర్చోవచ్చు, ఎందుకని అడగరు. పిల్లలు దేవతలేం కాదు, పిల్లలే. వారం తిరక్కుండానే కనిపెట్టేశారు. ముందు నలుగురు కూర్చున్నారు, తర్వాత సగంమంది, చివరికి అందరూ. తనిఖీకి వచ్చిన అధికారి గ్రౌండు పీరియడ్‌లో బడంతా సిల్వరు ఓక్ చెట్ల కింద కూర్చుని పేలు చూసుకోవడం చూసి, ఏమిటిదని అడిగాడు.

"కాళ్ళు నొప్పంటండి."

"అందరికీనా?"

"అందరికీనండి."

అబద్ధమని మంగ్లుకు తెలుసు. అయినా వాళ్ళలో ఎవరిది నిజమో తేల్చే పని మళ్ళీ తన నెత్తిన వేసుకోదలచుకోలేదు.

కృపావతి చెల్లెలు సత్యకుమారి మరుసటి ఏడాది ఆరో తరగతిలో అదే బడిలో చేరింది. ఆ ఏడాది వైద్యశిబిరం పెట్టి పిల్లలందరి రక్తం తీశారు. సత్యకుమారికి ఏ లోపమూ లేదు. అక్కకున్నది ఈ పిల్లకు రవ్వంత కూడా రాలేదని డాక్టరమ్మ మంగ్లుకు ప్రత్యేకించి చెప్పింది, నిక్షేపంగా పరిగెత్తించండంది. మంగ్లు తలూపాడు. మర్నాడు పరిగెత్తుతామన్న పిల్లలను వరసలో నిలబెట్టి, సత్యకుమారిని పక్కకు పిలిచి గెలుపు గీత దగ్గర తాడు పట్టుకోమన్నాడు.

రెండేళ్ళు ఆ పిల్ల తాడే పట్టుకుంది. రోజూ అడిగేది. రేపు అనేవాడు. చలిగా ఉందనేవాడు, ఎండగా ఉందనేవాడు. ఆదివారాలు ఊరికి పోయేటప్పుడు రోడ్డు వెంట ఒక్కతే పరిగెత్తేదని, సంత జీపులవాళ్ళు దానితో పందెం వేసుకునేవారని పిల్లలు చెప్పుకునేవారు. ఒకరోజు అతనే చూశాడు. మోటారు సైకిల్ అడ్డం పెట్టి ఆపి, వెనక ఎక్కించుకుని ఇంటి దగ్గర దించాడు.

వాకిట్లో చోళ్ళు చెరుగుతున్న చిట్టెమ్మ చేట కిందపెట్టి లేచి నిలబడింది. కూతుర్ని లోపలికి పొమ్మంది.

"పెద్దగుంట కాళ్ళు నొప్పంటే నమ్మనేదు. సిన్నగుంట నాకేటీ నేదంటే నమ్మవు. ఆ డాక్టరమ్మ సెప్తే నమ్మవు. నువ్వు నమ్మీది ఏటి బాబూ?"

మంగ్లు మోటారు సైకిల్ స్టాండు తీయబోయాడు.

"దాన్ని పరిగెత్తనియ్యి. నా గుంట అది. పోతే నాకు పోద్ది." చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ అంది, "నువ్వు భయపడతన్నది దానికోసం కాదు."

ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి అతనికి రాత్రంతా చాల్లేదు. పొద్దున్నే సత్యకుమారిని పిలిచి గీత మీద నిలబెట్టాడు. నీళ్ళు తాగించాడు. విజిల్ ఊదాడు. కృపావతికన్నా పొడుగు అంగ, కృపావతికన్నా నిలకడ. చూసినవాడెవడైనా ఈ పిల్లను ఎంపికలకు తీసుకుపొమ్మనే అంటాడు. మొదటి మలుపు దగ్గర మంగ్లు ఎదురెళ్ళి నొప్పుందా అని అడిగాడు. లేదని తలూపి దాటిపోయింది. రెండో మలుపు దగ్గర అడ్డంగా పరిగెత్తి వెళ్ళి రొమ్ములో పట్టేసిందా అని అడిగాడు. మూడో మలుపు దగ్గర చెయ్యి పట్టుకుని ఆపేశాడు. మణికట్టు దగ్గర నాడి చూశాడు.

సత్యకుమారి మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

"నువ్వు అడుగుతుంటే నొప్పొస్తంది సార్."

గీత దాటకుండానే, బడివైపు నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ పరిగెత్తుతానని అడగలేదు ఆ పిల్ల. తాడు పట్టుకోవడానికీ రాలేదు. పదో తరగతయ్యాక అరకులో పర్యాటకుల ముందు థింసా ఆడే బృందంలో చేరిందని తర్వాత తెలిసింది. అందులో చేరిన పిల్లలందరూ ఏడుస్తూ చేరరు. ఆ పిల్ల ఎలా చేరిందో మంగ్లు కనుక్కోలేదు.

2008లో మళ్ళీ ఎంపికలొచ్చాయి. కింది నుంచి వచ్చిన కొత్త కోచ్ ఆశగా గ్రౌండంతా కలియజూశాడు. కొండ పిల్లలు కదా సార్, మీ బళ్ళో పరుగులో గట్టి పిల్లలు ఉండాలే, ఎవరూ లేరా అని అడిగాడు.

"ఇద్దరుండేవారండి," అన్నాడు మంగ్లు.

వాళ్ళేమయ్యారో అడిగే తీరిక ఆ కోచ్‌కు లేదు. వేరే బడికి పోవాలని జీపెక్కాడు.