ఏసురాజు చెప్పే లోపాలు

డోన్‌లో ఏసీలు బిగించేవాళ్లు పదిమంది ఉన్నా, ముందు సరుకు లోపాలు చెప్పి ఆ తర్వాత మంచి మాట ఎత్తేవాడు ఏసురాజు ఒక్కడే. "పెండ్లి కుదిర్చేటోడు పిల్లకు కోపమెక్కువని ముందే చెప్తే ఏ పెండ్లి అయితాది?" అని భార్య కృపమణి ఎత్తిపొడుస్తూనే ఉంటుంది. అతడు మారలేదు. రైల్వే క్వార్టర్లలో కూలర్లు బాగుచేస్తూ నేర్చుకున్న అలవాటు అది. నేర్పిన మేస్త్రీ అన్నాడట: మంచి సంగతి అంగడివాడు చెప్తాడు, చెడ్డ సంగతి నువ్వు చెప్పు.

పూర్వం దొరలు వట్టివేళ్ళ తడికల మీద నీళ్లు చల్లించుకుని ఈ సీమ ఎండలు దాటేవారు. ఆ తడికలకూ ఏదో లోపం ఉండే ఉంటుంది. నీళ్లు మోసినవాణ్ని అడిగితే చెప్పేవాడు.

మొన్న ఏప్రిల్‌లో బేతంచెర్ల నుంచి లక్ష్మీదేవమ్మ కబురు పెట్టింది. ఆమె భర్త సుబ్బయ్య నలభై ఏండ్లు బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ నడిపినవాడు. ఆ దుమ్ము రొమ్ములో చేరింది. మధ్యాహ్నాలు వడగాలికీ దుమ్ముకూ దూరంగా, ఇంట్లో నిద్రపోవాల్సిందేనని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ నిద్ర కోసమే ఏసీ.

ఏసురాజు వాళ్ల వసారాలో మజ్జిగ తాగుతూ మొదలుపెట్టాడు.

"కూలరు మన పొడిగాలికి బాగుంటాది వదినా. కానీ బయట గాలిని లోపలికి లాగుతాది. ఈడ గాలంటే బండల పిండే కదా! చక్రాల ఏసీ ఉండాది. దాని వేడి గొట్టం కిటికీలో పెట్టాల, ఆ సందులో నుంచి వడగాలి లోపలికొస్తాది. కిటికీ ఏసీ పెడితే కిటికీ పోతాది, పైగా మోత. స్ప్లిట్ చప్పుడు చెయ్యదు. కానీ బయట పెట్టే పెట్టెకు దుమ్ము పడితే సచ్చిపోతాది, ఊరికూరికే కడగాల."

"మంచిదేదో అది చెప్పప్పా సామీ!"

"అన్నీ మంచియే, అన్నిట్లో లోపం ఉండాది. ఏ లోపం ఓర్చుకుంటారో చెప్పండి."

"మోత మాత్రం వద్దు. నలభై ఏండ్లు ఆ మోతలోనే బతికినాడు. ఇంకనన్నా నెమ్మదిగా పండుకోనీ."

ఆ మాటకు ఏసురాజు మనసు కరిగింది. స్ప్లిట్ బిగించాడు. ఆ రాతిగోడకు రంధ్రం కొట్టడానికే ఒక పూట పట్టింది.

నాలుగు రోజులకే ఫోను. "నీ ఏసీలో ఏందో ఉండాదప్పా. ఈయన అర్ధగంట కూడా పండుకోడు. లేసి పోయి ఫ్యాక్టరీ గోడ పక్కన, యాపచెట్టు కింద మంచమేసుకుంటాండాడు. దగ్గు శానా ఎక్కువైంది."

ఏసురాజు రెండుసార్లు వచ్చి చూశాడు. గ్యాసు సరిగానే ఉంది, చల్లదనానికి లోటు లేదు. మూడోసారి ఏసీని ముట్టుకోకుండా నేరుగా వేపచెట్టు కిందికి పోయి కూర్చున్నాడు. గోడ అవతల మిషన్లు హోరుమంటున్నాయి. ఆ హోరులో, ఆ దుమ్ములో సుబ్బయ్య పసిబిడ్డలా నిద్రపోతున్నాడు. ఉన్నట్టుండి కరెంటు పోయింది. మిషన్లు ఆగిపోయాయి.

సుబ్బయ్య దిగ్గున లేచి కూర్చున్నాడు. "ఏమైంది? బండ పగిలిందా?"

ఏసురాజుకు అప్పుడు తెలిసింది. మిషన్ నడిపినవాడు మోతలో కునుకు తీస్తాడు. మోత ఆగితేనే బెదిరి లేస్తాడు. ఆగిందంటే ఏదో పాడైనట్టే.

"ఆ గదిలో పండుకుంటే ఏమైతాదన్నా?" అని అడిగాడు.

"ఏం కాదబ్బా. ఎప్పుడూ ఏదో ఆగిపోయినట్టు ఉంటాది. లేసి చూడాలనిపిస్తాది."

మరునాడు ఏసురాజు తన ఇంట్లోని పాత కిటికీ ఏసీని ఊడదీశాడు. "దేవుడు నా ప్రార్థన ఇన్నాడు! దాని రొదలో మొగుడు పిలిచినా ఇనపడేది కాదు," అంది కృపమణి.

"ఇనపడినా పలికినావా ఎప్పుడన్నా?" అంటూ ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు.

స్ప్లిట్ ఆపి, దీన్ని బిగించి స్విచ్చి వేయగానే సుబ్బయ్య గది కిటికీ చట్రం గడగడలాడింది. లక్ష్మీదేవమ్మ చెవులు మూసుకుంది. సుబ్బయ్య మంచం మీద ఒరిగి, కండ్లు మూసి, కాసేపు విన్నాడు. "బేరింగులు అరిగినట్టుండాయి రాజా. రేపు గ్రీసు..." అంటూ మాట ముగించకుండానే గురక తీశాడు.

"వదినా!" గుమ్మంలో నిలబడి ఏసురాజు ఆ మోతను మించి అరిచాడు. "దీనికి ఒక లోపం ఉండాది! కరెంటు పోతే..."

ఆ రొదలో ఆమె జవాబు వినిపించలేదు. పెదవుల మీద వేలు మాత్రం కనిపించింది. ఆయన లేస్తాడు, నెమ్మదిగా మాట్లాడమని.